కింది పది వరుసలు

సెలవులు అయిపోయేలోగా చేయించాల్సినవి:

ఒకటి. మేడ మీది నుంచి దిగే నీటి గొట్టం పగులు మూయించాలి. ఆ నీళ్ళే గోడలోకి దిగుతున్నాయి.

రెండు. పడమటి గోడ ఇటుకల సందుల్లో ఎవరో ఎప్పుడో కూరిన సిమెంటు మొత్తం ఉలితో తీయించాలి.

మూడు. పొరలు రాలిపోయిన ఇటుకలు తీసి గట్టివి పెట్టించాలి.

నాలుగు. సందులు మళ్ళీ సున్నంతోనే నింపించాలి. సిమెంటు చిటికెడు కూడా కలవకూడదు.

ఐదు. లోపలి గదిలో బీరువా ఆ గోడ నుంచి జరపాలి.

ఆరు. పనివాళ్ళ మీద కన్నేసి ఉంచాలి.

ఆరోది అత్తగారు చెప్పి రాయించింది. రాసేటప్పుడు టీచరమ్మ కొంచెం మొహమాటపడింది గానీ, రాశాక దాని కింద తనే ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది. గీయకపోతే తోచదు ఆవిడకి. ఇరవై రెండేళ్ళుగా ఆన్సరు పేపర్లు దిద్దుతున్న చెయ్యి.

నాలుగోది వాళ్ళ స్కూల్లో సైన్సు మాస్టారు చెప్పింది. ఆయన ఒక ఆదివారం వచ్చి గోడని అరచేత్తో తడిమి, చేతికంటిన తెల్లటి ఉప్పు పిండిని వాసన చూసి, "పాత ఇల్లు సున్నంతో కట్టింది టీచర్. ఇటుక తాగిన నీళ్ళు సందుల్లోంచి ఆరిపోవాలి. సిమెంటు పెడితే గోడకి మూతి కట్టేసినట్టే. ఆ చెమ్మ లోపలే ఉండి ఇటుకని తినేస్తుంది. ఇంకో వానాకాలం ఇలాగే వదిలేశారంటే దూలం చివర కుళ్ళుతుంది" అన్నాడు. దూలం కిందే అత్తగారి మంచం.

మేస్త్రీ మొదటి రోజు ఏడింటికల్లా వచ్చాడు. భుజాన ఉన్న పనిముట్ల సంచి మెట్టు మీద దించితే దబ్బున చప్పుడైంది.

"నలభై ఏళ్ళ సర్వీసమ్మా దీనిది. నాకన్నా బరువు" అన్నాడు నవ్వుతూ.

ఆయన వెనకాల ఒక సన్నటి మనిషి నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. తలకి పాత ఎర్రగుడ్డ చుట్టుకుంది. వేళ్ళ కొసలన్నీ తెల్లగా పగిలి, నీళ్ళలో నానిన కాగితంలా ఉన్నాయి.

"ఈవిడ సున్నమక్కమ్మా. సున్నంలో పుట్టి సున్నంలో పెరిగింది. కలుపు కలుపుతుంది, తట్ట మోస్తుంది" అని పరిచయం చేశాడు మేస్త్రీ.

టీచరమ్మ పక్కసందులో గోడ నీడన కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతిలో ఒక పుస్తకం, చదవడానికి కాదు.

"మీరు బయట కూర్చోనక్కర్లేదమ్మా. పని ఎక్కడికీ పారిపోదు."

"పని పారిపోదులే. మిగతావి పారిపోతాయి" అంది కిటికీ లోపలి నుంచి అత్తగారు.

మేస్త్రీ పకపకా నవ్వాడు. సున్నమక్క నవ్వలేదు. ఆ సంగతి టీచరమ్మ గమనించింది. పరీక్ష హాల్లో చీటీలు పెట్టుకొచ్చినవాళ్ళు జోకులకి నవ్వరని ఆవిడ అనుభవం.

సున్నమక్క ఉలి తిరగేసి, దాని పిడితో ఒక్కో ఇటుకనీ కొడుతూ పోయింది. కొట్టినప్పుడల్లా చెవి గోడకి దగ్గరగా పెట్టేది. కొన్నిటి మీద బొగ్గుతో చిన్న గీత గీసేది. టీచరమ్మ లేచి వెళ్ళి గీత ఉన్న ఇటుకని చూసింది. ఎర్రగా, నున్నగా ఉంది.

"దీనికేమైంది? బాగానే ఉందిగా?"

"పైకి బాగుందమ్మా. వినండి." పక్క ఇటుకని కొట్టింది. ఖంగుమంది. గీత ఉన్నదాన్ని కొట్టింది. మూసిన తలుపు మీద పిడికిలితో తట్టినట్టు మొద్దుగా మోగింది. "లోపల పిండే."

ఉలి మొన రెండుసార్లు తగిలేసరికి ఇటుక ముఖం పెచ్చుగా ఊడి, లోపలి నుంచి ఎర్రటి పిండి జలజలా రాలింది. నిజమే. అయినా టీచరమ్మ పుస్తకం వెనక అట్ట మీద ఇటుకల లెక్క రాసుకుంది. ఎన్ని తీశారు, ఎన్ని పెట్టారు.

నేల నుంచి కిటికీ పై అంచు దాకా ఇరవై వరుసలు. మేస్త్రీ పై వరుసల దగ్గర నిలబడ్డాడు. "కింది పదీ నువ్వు చూసుకో. నా నడుము వంగదు" అన్నాడు. చెమ్మ అంతా ఉన్నది ఆ కింది పదిలోనే. తాపీ మాత్రం ఇవ్వలేదు. సున్నమక్క తన బొడ్లోంచి ఒక ఇనప పట్టీ తీసింది. పాత పీపా చుట్టూ ఉండే పట్టీని విరిచి, సానబట్టి చేసుకున్నది. గొంతుకూర్చుని, సందులో దుమ్ము ఊది, తడి గుడ్డ అద్ది, చిటికెడు చిటికెడుగా సున్నం లోపలికి కూరింది. వరుస పూర్తయ్యాక చివరి సందులో బొటనవేలు ఒకసారి నొక్కి చూసుకుంది. చిన్న గుంట పడింది. దాన్ని చెరపలేదు.

మధ్యాహ్నం కలుపు అయిపోయింది. మేస్త్రీ చేతులు దులుపుకుంటూ, "ఇప్పటి కలుపు నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి నీళ్ళు పట్టుకురా" అన్నాడు.

సున్నమక్క కదల్లేదు. ఇసక కుప్ప వైపు చూసింది, బిందె వైపు చూసింది.

"ఏం, చెవుల్లో కూడా సున్నం పడిందా?"

ఆమె బిందె తీసుకుని గబగబా వెళ్ళింది. వీధి చివరి కుళాయి నుంచి ఇంచుమించు పరుగున వచ్చింది. సగం నీళ్ళు చీర మీదే ఒలికిపోయాయి. అంత తొందరేమిటో టీచరమ్మకి అర్థం కాలేదు. తొందరపడేవాళ్ళకి ఏదో ఒక కారణం ఉంటుంది. అప్పటికి మేస్త్రీ కలుపు కలిపేసి, తాపీతో తట్టి నున్నగా చేసి పెట్టాడు.

సాయంత్రం పని ముగిశాక, మేస్త్రీ కాళ్ళు కడుక్కుంటుంటే, సున్నమక్క ఆ మధ్యాహ్నపు కలుపు మిగులులోంచి గోళీకాయంత తీసి రెండు వేళ్ళ మధ్య ఉండ చేసింది. కాగితం ముక్కలో చుట్టి మూటలో పెట్టుకుంది. పెట్టుకునే ముందు అటూ ఇటూ చూసింది.

"ఏదో దాచుకుంది అత్తయ్యా."

"నే చెప్పలేదూ? అదే, ఆ మేస్త్రీని చూడు. పొద్దున అంత బరువు సంచి తెచ్చాడా, ఇప్పుడు ఖాళీగా ఊపుకుంటూ పోతున్నాడు. మనింట్లో పెంకుముక్క కూడా తీసుకెళ్ళడం లేదు. నిజాయితీ అంటే అదీ" అంది అత్తగారు.

రెండో రోజు ఇంకా ఆరు కాలేదు. గోడ బయటి నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు వినబడి టీచరమ్మ కిటికీ తలుపు ఓరగా తీసింది.

సున్నమక్క ఒక్కతే ఉంది. పరంజా చెక్క మీద మోకాళ్ళేసుకుని, నిన్న మధ్యాహ్నం మేస్త్రీ నింపిన పై వరుసలో సందుని మేకుతో గీరుతోంది. ఒక మూర మేర నింపిందంతా బయటికి లాగేసింది.

టీచరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పక్కసందులోకి వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

ఆమె మేకుని పిడికిట్లో దాచుకుంది. "చూస్తున్నానమ్మా."

"మేకుతోనా చూడడం?"

"ఇక్కడ సరిగ్గా కూరుకోలేదమ్మా. మళ్ళీ నింపేస్తాను."

"మేస్త్రీ చేసింది సరిగ్గా లేదని నువ్వు చెబుతున్నావా?"

ఆమె తల వంచుకుంది. జవాబు తెలిసీ నోరు విప్పని పిల్లల్ని చూస్తే టీచరమ్మకి ఒళ్ళు మండుతుంది. అచ్చం అలాగే ఉంది ఆ తల వంచుకోవడం.

మేస్త్రీ వచ్చాక టీచరమ్మ ఆ సంగతి చెప్పింది. ఆయనకి కోపం రాలేదు. నెత్తి గోక్కుని, గొంతు తగ్గించి, "కాస్త తిక్క మనిషమ్మా. పోన్లే అని పనిలో పెట్టుకున్నా. చేసిందే మళ్ళీ చేస్తే రోజులు పెరుగుతాయి గదా. రోజులు పెరిగితే ఎవరికి లాభమో మీకు నేను చెప్పాలా, చదువుకున్నవారు?" అన్నాడు.

చదువుకున్నవారు అనేసరికి టీచరమ్మకి ఇక అనుమానం తీరిపోయినట్టే అనిపించింది.

పది గంటలకి టీ ఇచ్చినప్పుడు మేస్త్రీ సందు మొదట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సున్నమక్క గ్లాసు రెండు చేతులా పట్టుకుని దగ్గరికొచ్చింది.

"అమ్మా, మీరు టీచరుగారట గదా. ఒక చీటీ రాసిస్తారా?"

"ఏం చీటీ?"

"మార్కెట్టు వెనక పాత లైబ్రరీ గోడలు బాగు చేయిస్తున్నారమ్మా. అదీ సున్నం పనే. సున్నం పని తెలిసినవాళ్ళకి తాపీ ఇస్తారట. కాకపోతే ఎవరైనా ఇల్లుగలవాళ్ళు, ఈ మనిషి మా ఇంట్లో పని బాగా చేసింది అని రాసివ్వాలట."

"మీ మేస్త్రీ చెబితే సరిపోదా?"

"మేస్త్రీకి నేను తట్ట మోసే మనిషినమ్మా. ఇరవై ఏళ్ళ నుంచీ." గ్లాసులోకి చూస్తూ అంది. "ఒక్కసారి తాపీ చేతికిస్తే ఇక మళ్ళీ తట్ట ఎత్తమనరు."

"చూద్దాం. పని కానీ."

"అవునమ్మా. గోడ చూశాకే రాయండి" అని, టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు తనే కడిగి బోర్లించింది.

అత్తగారు అంతా విని, "చూశావా, ముందుగానే చీటీ అడుగుతోంది. గీరుడు ఎందుకో ఇప్పుడు తెలిసింది. మేస్త్రీ పని చెడగొట్టి, తన పని బాగుందనిపించుకోవాలని" అంది. అది టీచరమ్మకి సబబుగానే తోచింది. ముందు బెంచీ పిల్లవాడి కాగితం మీద సిరా ఒలికించి ఏమీ ఎరగనట్టు కూర్చునేవాళ్ళని ఎంతమందిని చూడలేదు.

మూడో రోజు పొద్దున్నా అదే కిర్రుకిర్రు. ఈసారి టీచరమ్మ బయటికి రాలేదు. కిటికీ వెనక నిలబడి, ఎన్ని మూరలు గీరిందో చూసి పుస్తకం అట్ట మీద రాసుకుంది. గీరిన చోటల్లా సున్నమక్క బస్తాలోంచి కొత్త సున్నం తీసి, కలిపి, మళ్ళీ నింపింది. పై నాలుగు వరుసలకి ఇక వేళ చాల్లేదు. అక్కడ చెయ్యి చాచి, వేళ్ళు గోడకి ఆనించి చూసి దిగిపోయింది.

మధ్యాహ్నానికి మేస్త్రీ ఖాళీ గోనెసంచులు దులిపి చూపించాడు.

"సున్నం తరిగిపోతోందమ్మా. నాలుగు బస్తాలు చాలన్నాను గదా. మూడు అయిపోయాయి. నేను ఎవర్నీ ఏమీ అనడం లేదు. మీ కళ్ళతో మీరే చూస్తున్నారు."

ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుని సున్నమక్క మూట తీసుకోబోతుంటే టీచరమ్మ సందుకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మూట విప్పు."

ఆమె ముందు మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ తాపీ తుడుచుకుంటున్నాడు. అత్తగారు కిటికీలోంచి తల బయటికి పెట్టింది. ఎదురింటివాళ్ళు మేడ మీది నుంచి చూస్తున్నారు.

"ఏమీ లేదమ్మా అందులో."

"లేకపోతే విప్పడానికేం?"

విప్పింది. ఖాళీ అన్నం గిన్నె. ఒక రవిక. ఇనప పట్టీ, మేకు. పాత క్యాలెండరు కాగితం ముక్కల్లో చుట్టిన గోళీకాయలంత ఉండలు, పదో పన్నెండో.

"ఏమిటివి?"

"కలుపు ఉండలమ్మా."

"ఎందుకు?"

ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మేస్త్రీ వైపు చూసింది. ఆయన పెద్దగా నవ్వాడు. "రోజుకో నాలుగు ఉండలు పట్టుకెళ్తే పదేళ్ళకి ఇల్లు కట్టేస్తావే! ఎంత ప్లాను వేశావు!" ఎదురింటి మేడ మీద కూడా ఎవరో నవ్వారు.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు" అంది టీచరమ్మ.

సున్నమక్క మూట కట్టుకుంది. ఉండలు మాత్రం తీసుకోలేదు. ఒక్కొక్కటే కాగితంతో సహా మెట్టు మీద వరుసగా పెట్టింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"గోడ మీద కప్పిన తడి గోనెలు ఆరనివ్వకండమ్మా. రోజుకి మూడుసార్లయినా తడపాలి. పొద్దున్నే గోడ మీద బొటనవేలు పెట్టి చూడండి. పైన, కింద కూడా."

చీటీ మాట ఎత్తలేదు.

ఆమె వెళ్ళిన పావుగంటకి లైబ్రరీ పని చూసే సూపర్‌వైజర్ స్కూటరు మీద వచ్చాడు. సున్నం పని జరుగుతోందని విని గోడ చూడ్డానికి వచ్చాడట. వంగి, కింది వరుసలు గోటితో తడిమి, తల పంకించాడు. "బాగా కుదిరింది. ఈ మధ్య ఇలా ఎవరూ చేయడం లేదు. ఎవరి చెయ్యి?"

"మనదేనండీ" అన్నాడు మేస్త్రీ.

టీచరమ్మ అది విన్నది. కింది పదీ సున్నమక్క గొంతుకూర్చుని నింపడం మూడు రోజులుగా చూస్తూనే ఉంది. అయినా ఆ క్షణంలో అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు.

"మీ దగ్గర ఒకామె పని చేస్తోందట గదా, ఎర్రగుడ్డ కట్టుకుని. తాపీ ఇవ్వమని మా దగ్గరికి వచ్చింది. మీరు చీటీ ఇస్తారంది" అన్నాడు సూపర్‌వైజర్.

"ఇవ్వను. ఆ చెయ్యి నమ్మదగ్గది కాదు" అంది టీచరమ్మ.

నాలుగో రోజు పొద్దున కిర్రుకిర్రు చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడం వల్లే మెలకువ వచ్చింది టీచరమ్మకి. మేస్త్రీ ఇంకా రాలేదు. బిందెతో నీళ్ళు తెచ్చి గోనెల మీద పోసింది. పోస్తూ ఒక గోనె ఎత్తి, చెప్పింది గదా అని, కింది వరుసలో బొటనవేలు పెట్టి నొక్కింది. సందు లోపలికి పోలేదు గానీ వేలి గీతలు పడ్డాయి. చల్లగా ఉంది. పరంజా ఎక్కి పై వరుసలో నొక్కింది. రాయి. ఇంకో చోట. రాయి. నిన్న సాయంత్రం నింపిన వరుస రాత్రికి రాత్రి రాయి ఎలా అయింది?

గోటితో గీకింది. పైనున్న తెల్లటి పూత లేచి, లోపల బూడిదరంగు బయటపడింది.

పరంజా దిగి మెట్టు దగ్గరికి వెళ్ళింది. ఉండలు నిన్న పెట్టిన చోటే ఉన్నాయి. కాగితాలు విప్పింది. ఒక్కో కాగితం మీద బొగ్గు గీతలు. పదకొండు గీతలు ఒకదాని మీద, పన్నెండు ఇంకోదాని మీద. ఏమిటో మొదట తెలియలేదు. తెలిశాక గోడ వైపు తిరిగి కింది నుంచి వరుసలు లెక్కపెట్టింది. ఏ వరుసలో కూరిన కలుపో ఆ వరుసకి అన్ని గీతలు. గీతలు తక్కువున్న ఉండలు వేళ్ళ మధ్య నలిపితే తెల్లగా చిట్లాయి. పదకొండు నుంచి పైవాటిలో చాలావరకు నలగలేదు. మెట్టుకేసి కొడితే ఎగిరిపడ్డాయి. అన్నీ బూడిదరంగువి. ఆమెని నీళ్ళకి పంపి మేస్త్రీ ఒక్కడే కలిపిన మధ్యాహ్నపు కలుపులు.

అక్షరం రాని మనిషి పెట్టుకున్న జవాబు పత్రం అది. టీచరమ్మ దాన్ని చదవకుండానే సున్నా వేసింది.

మేస్త్రీ వచ్చి సంచి దించాడు. దబ్బుమంది. టీచరమ్మ వెళ్ళి సంచి విప్పింది. తాపీల కింద, రసమట్టం కింద, ప్లాస్టిక్ కవరులో మూట కట్టిన సిమెంటు. నాలుగు రోజులుగా ఆవిడ గుమ్మంలోంచి బయటికి ఏం పోతోందో చూసింది. లోపలికి ఏం వస్తోందో చూడలేదు.

మేస్త్రీ మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మళ్ళీ సర్దుకున్నాడు.

"చిటికెడమ్మా. సున్నం ఆరేదాకా ఆగుతూ కూర్చుంటే నా తర్వాతి పని చేజారిపోతుంది. అందరూ వేస్తారు. చిటికెడు వేస్తే గోడ ఏం పడిపోతుంది?"

"ఆమె దొంగ అని నేనంటుంటే విన్నావు."

"నేననలేదుగా. మీరే అన్నారు."

కిటికీలో అత్తగారు తల లోపలికి తీసుకుంది.

మేస్త్రీ సంచి భుజాన వేసుకున్నాడు. "నాకేం, రేపటి నుంచి లైబ్రరీలో పని. మీ గోడ చూసే పెట్టుకున్నారు నన్ను" అని వెళ్ళిపోయాడు. ఆ పూట సంచి ఊగలేదు.

ఐదో రోజు టీచరమ్మ తెల్ల కాగితం మీద చీటీ రాసింది. మూడుసార్లు చించి నాలుగోసారి రాసింది. కింది పది వరుసలు ఈమె నింపినవనీ, చెడ్డ కలుపుని రోజూ పొద్దున్నే తనే తీసి బాగు చేసిందనీ, తాను పొరపాటున ఆమె మీద నింద వేశాననీ రాసి, స్కూలు పేరు, హోదా రాసి సంతకం పెట్టింది. నాలుగు ఉండలు కాగితాలతో సహా పర్సులో వేసుకుంది.

లైబ్రరీ ముందు వీధి పొడుగునా ఇసక. గోడ మీద రెండంతస్తుల పరంజా. పైన మేస్త్రీ, చేతిలో తాపీ. "నమస్కారమమ్మా!" అని అక్కడి నుంచే కేకేశాడు, ఏమీ జరగనట్టు.

వాలు చెక్క మీద ఎర్రగుడ్డ ఎక్కుతోంది. నెత్తిన తట్ట.

సూపర్‌వైజర్ చీటీ మొత్తం చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మడిచాడు గానీ జేబులో పెట్టుకోలేదు.

"టీచరుగారూ, మొన్న చెయ్యి నమ్మదగ్గది కాదన్నారు. ఇవాళ ఇంత పొగుడుతున్నారు. మధ్యలో ఏం జరిగింది? మీ ఇంటికొచ్చి ఏమన్నా గొడవ చేసిందా?"

"లేదు. పొరపాటు నాది."

"కాకపోతే ఏదన్నా చుట్టరికం కలిసిందా?" నవ్వాడు. నవ్వుతూనే ఆవిడ మొహం పరిశీలనగా చూశాడు. ఆ చూపు టీచరమ్మకి బాగా తెలుసు. పరీక్ష హాల్లో తను చూసే చూపే.

"ఇందులో చుట్టరికం ఏముందండీ, నేను చెప్పేది నిజం."

"మొన్న చెప్పిందీ నిజమేనన్నారుగా. ఏ నిజం నమ్మమంటారు? మీ మాట మీదే తాపీ ఇవ్వలేదు. తట్ట ఇచ్చాం. అదీ మేస్త్రీ అడగబట్టి. సున్నం కలపాలంటే ఆమే కావాలన్నాడు."

టీచరమ్మ పర్సులోంచి రెండు ఉండలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. "ఇవి నలిపి చూడండి. ఇక్కడ మధ్యాహ్నం కలిపిన కలుపు ఇలాగే ఉండ చేసి, నాలుగు రోజులు పోయాక దాన్నీ నలిపి చూడండి. నా మాట నమ్మనక్కర్లేదు."

ఆయన వాటిని గోళీల్లా అరచేతిలో ఆడించాడు. పై నుంచి ఎవరో పిలిస్తే జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. వేసుకోవడం మాత్రం చూసింది.

సున్నమక్క ఖాళీ తట్టతో దిగింది. టీచరమ్మని చూసి ఆగి, నుదుటి చెమట మణికట్టుతో తుడుచుకుంది.

"గోనెలు తడుపుతున్నారా అమ్మా?"

"తడుపుతున్నాను. నాకు చెప్పొచ్చుగా? ఆ రోజే చెప్పాల్సింది."

"చెబితే ఎవరి మాట నమ్మేవారమ్మా?"

అందులో నిష్ఠూరం లేదు. నీళ్ళు ఎక్కడున్నాయని అడిగినట్టు అడిగింది. టీచరమ్మ కాళ్ళ దగ్గరి ఇసక వైపు చూసింది.

"మీకు చూపిద్దామనే దాచానమ్మా ఉండలు. సున్నం, సిమెంటూ మొదట్లో ఒక్కలాగే ఉంటాయి. నాలుగో రోజుకి గానీ కొత్తవాళ్ళకి గట్టిగా తేడా తెలీదు. మీరు మూడో రోజే మూట విప్పించారు" అంది సున్నమక్క.

టీచరమ్మ చీటీకి తీసి ఉంచుకున్న నకలు ఆమె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని విప్పలేదు. అక్షరాలున్న వైపు లోపలికి వచ్చేలా మడిచి బొడ్లో, ఇనప పట్టీ పక్కన దోపుకుంది.

"పైన నాలుగు వరుసలకి నాకు వేళ చాల్లేదమ్మా. మీరు బల్ల వేసుకోండి. మేకుతో బొటనవేలి లోతు దాకా తీయాలి. దుమ్ము ఊదాక తడపడం మర్చిపోవద్దు."

"ఓయ్ సున్నమక్కా, ముచ్చట్లు తర్వాత! కలుపు అయిపోయింది!" పై నుంచి మేస్త్రీ.

"ఈ మధ్యాహ్నం కలుపు నేనే కలుపుతా, నీళ్ళు మీరు తెచ్చుకోండి!" అని సున్నమక్క గట్టిగా, వీధంతా వినబడేలా అంది. పరంజా మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వడం టీచరమ్మ చూడడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం నుంచి టీచరమ్మ బల్ల వేసుకుని మేకుతో పై వరుసలు గీరడం మొదలుపెట్టింది. ఒక మూర గీరేసరికి వేళ్ళు బొబ్బలెక్కాయి. అత్తగారు కింద నిలబడి చెంబుతో గోనెలు తడుపుతూ, "ఆ పిల్ల రోజూ పొద్దున్నే ఎన్ని మూరలు గీరేదే?" అని అడిగింది. టీచరమ్మ పుస్తకం వెనక అట్ట చూసి చెప్పింది. లెక్క అంతా ఉంది అందులో, తారీఖులతో సహా. అత్తగారు చెంబు మళ్ళీ నింపుకోవడానికి వెళ్ళింది. గీరి, మిగిలిన సున్నంతో మళ్ళీ నింపి నాలుగు వరుసలు పూర్తవడానికి ఎనిమిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు వాన వచ్చింది. లోపలి గదిలో గోడ పొడిగానే ఉంది.

లైబ్రరీలో తర్వాత ఏం జరిగిందో, ఆ ఉండల్ని సూపర్‌వైజర్ నలిపి చూశాడో, జేబుతో పాటు ఉతికించేశాడో నాకు తెలియదు. తెలిస్తే దాచేవాణ్ణి కాదు. నాకు తెలిసింది ఆ పడమటి గోడ ఒక్కటే. మీరెప్పుడైనా అలాంటి సందులో పాత ఇటుక గోడ పక్కగా నడిచి వెళ్తుంటే, ఒక్క క్షణం వంగి కింది వరుసల చివర చూడండి. సున్నంలో బొటనవేలంత గుంట కనబడితే మీ వేలు అందులో పెట్టి చూడండి. ఆ గోడ ఎవరిదని అడిగితే ఇంటివాళ్ళ పేరు చెబుతారు, ఎవరు బాగు చేశారంటే మేస్త్రీ పేరు చెబుతారు. మీరు మాత్రం సున్నమక్కని గుర్తుపెట్టుకోండి.